ఫోను పెట్టె మీది రెండు సంఖ్యల కథ

కొత్త ఫోను కొనాలని మీరు దుకాణానికి వెళ్ళారనుకుందాం. మరీ చవకదీ వద్దు, మరీ ఖరీదైనదీ వద్దు; ఇరవై వేల రూపాయలకు కాస్త అటూ ఇటూగా దొరికేది చాలు. ఫొటోలు బాగా రావాలి, పొద్దున ఛార్జింగు పెడితే రాత్రి దాకా నిలవాలి. కోరికలు ఈ రెండే. దుకాణంలోని కుర్రవాడు నాలుగు పెట్టెలు తీసి మీ ముందు పెడతాడు. "ఇది యాభై మెగాపిక్సెల్ అండీ, ఐదు వేల ఎంఏహెచ్. అదైతే నూట ఎనిమిది, ఆరు వేలు" అంటాడు. ఇంకేముంది, రెండోదే మంచిదని మీరు తేల్చేసుకుంటారు.

అక్కడే ఒక్క నిమిషం ఆగండి. ఆ కుర్రవాడు చెప్పినవి అబద్ధాలు కావు. కాని మెగాపిక్సెల్ అన్నది ఫొటో ఎంత బాగుంటుందో చెప్పే కొలత కాదు. ఎంఏహెచ్ అన్నది ఫోను ఎన్ని గంటలు నడుస్తుందో చెప్పే కొలత కాదు. మరి అవి దేన్ని కొలుస్తాయి? పెట్టె మీదికి ఎలా ఎక్కి కూర్చున్నాయి? దీనికి జవాబు తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. వెళ్ళడం దండగ కాదు. మామూలు సంసారుల ఇళ్ళలో ఫోను అంటే ఇప్పుడు ఒక్క ఫోనే కాదు. పిల్లల పుట్టినరోజు ఆల్బము, బ్యాంకు, రైలు టిక్కెట్టు, పాఠాలు, కరెంటు పోతే టార్చిలైటు, అన్నీ అదే. పొరపాటున సరిపడని ఫోను కొంటే మూడు నాలుగేళ్ళు దానితోనే సర్దుకోవాలి.

పది వేల గడులు

1969 అక్టోబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సీసీడీ అనే సిలికాన్ పరికరానికి రూపకల్పన చేశారు. సిలికాన్ మీద కాంతి పడితే అందులో ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. ఎంత కాంతి పడితే అన్ని ఎలక్ట్రాన్లు. సిలికాన్ పలకను చిన్న చిన్న గడులుగా విభజించి, ఏ గడిలో ఎన్ని ఎలక్ట్రాన్లు పోగయ్యాయో లెక్కపెడితే ఆ లెక్కల పట్టికే బొమ్మ అవుతుంది. బావి దగ్గర వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చినట్టు, సీసీడీలో ఒక గడి తన ఎలక్ట్రాన్లను పక్క గడికి అందిస్తూ పోతుంది. వరస చివర ఒకచోట లెక్క జరుగుతుంది. ఈ గడినే మనం పిక్సెల్ అంటున్నాం. పది లక్షల గడులుంటే ఒక మెగాపిక్సెల్. ఈ ఆవిష్కరణకు 2009లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు ఈ సీసీడీతో ఒక కెమెరా కట్టాడు. బరువు మూడున్నర కిలోల పైమాటే. గడులు అడ్డంగా నూరు, నిలువుగా నూరు, మొత్తం పది వేలు. ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఆ బొమ్మను టీవీలో చూడాలి. అదీ నలుపు తెలుపే. గడికి కాంతి ఎంత పడిందో తెలుస్తుంది గాని ఏ రంగు కాంతి పడిందో తెలియదు మరి. ఆ చిక్కును విప్పినవాడు కూడా కొడాక్ ఉద్యోగే. బ్రైస్ బేయర్ అనే ఆయన ప్రతి నాలుగు గడుల మీద రెండు ఆకుపచ్చ, ఒక ఎరుపు, ఒక నీలం వడపోతలు పరిచే పద్ధతికి 1976లో పేటెంటు పొందాడు. మన కన్ను ఆకుపచ్చకు ఎక్కువగా స్పందిస్తుంది కాబట్టి దానికి రెండు గడులు. ఒక్కొక్క గడి ఒక్క రంగునే కొలుస్తుంది, మిగిలిన రెండు రంగులనూ ఇరుగు పొరుగు గడులను చూసి లెక్కగట్టి నింపుతారు. అంటే మీరు తీసే ప్రతి రంగుల ఫొటోలోనూ మూడింట రెండు వంతుల రంగు సమాచారం కొలిచినది కాదు, లెక్కగట్టినది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

సీసీడీకి ఒక లోపం ఉంది. దానికి విద్యుత్తు ఎక్కువ కావాలి. ఫోనులో పట్టే చిన్న బ్యాటరీకి అది మోయలేని భారం. ఈ చిక్కు తీరింది ఫోన్ల వాళ్ళ వల్ల కాదు, అంతరిక్ష పరిశోధకుల వల్ల. 1990ల మొదట్లో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసమ్, ఆయన సహచరులు వ్యోమనౌకల కెమెరాలను చిన్నవిగా, తక్కువ విద్యుత్తుతో నడిచేవిగా చెయ్యాలని చూస్తూ సీమాస్ సెన్సరును తీర్చిదిద్దారు. ఇందులో బిందెలు చేతులు మారనక్కర లేదు; ప్రతి గడి దగ్గరా దాని సంకేతాన్ని పెంచి అందించే చిన్న ట్రాన్సిస్టర్లు ఉంటాయి. విద్యుత్తు ఖర్చు చాలా తగ్గిపోయింది. కంప్యూటర్ చిప్పులు చేసే కర్మాగారాల్లోనే వీటినీ చేయవచ్చు కనుక ధరా తగ్గింది. కెమెరా, బ్యాటరీ అని మనం విడివిడిగా అడుగుతున్నాం గాని, కెమెరా పొదుపు నేర్చుకున్న తర్వాతనే దానికి ఫోనులో చోటు దొరికింది.

జేబులోకి కెమెరా

1997 జూన్ 11న అమెరికాలోని శాంతాక్రూజ్ పట్టణంలో, ఆసుపత్రిలో భార్య ప్రసవిస్తుండగా ఫిలిప్ కాన్ అనే ఇంజనీరు ఒక డిజిటల్ కెమెరాను తన సెల్‌ఫోనుకు తీగలతో కలిపి, పుట్టిన పాప ఫొటోను రెండు వేల మందికి పైగా పరిచయస్తులకు పంపాడు. 2000 సంవత్సరం చివర జపాన్‌లో షార్ప్ సంస్థ కెమెరా అమర్చిన ఫోను అమ్మకానికి పెట్టింది. అందులోని గడులు లక్షా పది వేలు. 2002లో వచ్చిన నోకియా 7650లోను, తర్వాతి ఏడాది మన దేశంలో చాలామంది చేతుల్లో కనిపించిన నోకియా 6600లోను ఉన్నది మూడు లక్షల గడుల కెమెరా. ఆ ఫొటోలను ఇప్పటి తెర మీద చూస్తే తపాలా బిళ్ళంత కనిపిస్తాయి.

ఆ రోజుల్లో మెగాపిక్సెల్ నిజంగానే మంచి కొలత. మూడు లక్షల గడుల ఫొటో కంటే 2005 నాటి ఇరవై లక్షల గడుల ఫొటో ఎవరు చూసినా మెరుగు. 2007లో నోకియా ఎన్95 ఐదు మెగాపిక్సెళ్ళతో వచ్చేసరికి ఆ ఫొటోను కాగితం మీద అచ్చువేసి గోడకు తగిలించుకునే స్థాయి వచ్చింది. (దాని బ్యాటరీ మాత్రం 950 ఎంఏహెచ్. మధ్యాహ్నానికే ఛార్జరు వెతుక్కోవలసి వచ్చేదని వాడినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.) ఈ అయిదారేళ్ళలోనే కొనేవాళ్ళకు ఒక అలవాటు పడింది: సంఖ్య పెరిగితే ఫొటో మెరుగవుతుందని. తర్వాత సంఖ్యకూ ఫొటోకూ సంబంధం పలచబడింది గాని అలవాటు పోలేదు. అమ్మేవాళ్ళకు అలాంటి అలవాటు కంటే కావలసిందేముంది?

2012లో నోకియా 808 ఫోను 41 మెగాపిక్సెళ్ళతో వచ్చి అందరినీ ఆశ్చర్యపరిచింది. అయితే దాన్ని తయారుచేసిన ఇంజనీర్ల ఉద్దేశం 41 మెగాపిక్సెళ్ళ ఫొటో ఇవ్వడం కాదు. అనేక గడుల సమాచారాన్ని కలిపి ఐదు మెగాపిక్సెళ్ళ స్వచ్ఛమైన ఫొటో ఇవ్వడం. పైగా ఆ గడులన్నీ పట్టేందుకు వాళ్ళు అప్పటి ఫోన్లలో కనీ వినీ ఎరుగనంత పెద్ద సెన్సరు వాడారు. ఫోను వెనక గూడులా ఉబ్బి ఉండేది. జనానికి గుర్తున్నది 41 మాత్రమే.

మన మధ్యరకం ఫోన్ల కథ 2019లో మలుపు తిరిగింది. అంతకు ముందు ఏడాది జులైలో సోనీ సంస్థ ఐఎంఎక్స్ 586 అనే 48 మెగాపిక్సెళ్ళ సెన్సరును ప్రకటించింది. 2019 ఫిబ్రవరి చివరలో షావోమీ సంస్థ రెడ్‌మీ నోట్ 7 ప్రోను మన దేశంలో ఆ సెన్సరుతో, 4,000 ఎంఏహెచ్ బ్యాటరీతో, 13,999 రూపాయల ధరకు విడుదల చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో సామ్‌సంగ్ అదే ధరకు గెలాక్సీ ఎం30ఎస్‌ను తెచ్చింది: 48 మెగాపిక్సెళ్ళు, 6,000 ఎంఏహెచ్. నేటికీ దుకాణంలో మీరు వినే పాటకు పల్లవి అప్పుడే కట్టారు.

ఆ 48ని విప్పి చూద్దాం

ఆ సెన్సరులో ఒక్కొక్క గడి వెడల్పు 0.8 మైక్రాను. అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే తక్కువ. అడ్డంగా 8,000 గడులు, నిలువుగా 6,000. గుణిస్తే 48 మిలియన్లు. ఎంత వెడల్పు? 6.4 మిల్లీమీటర్లు. ఎంత ఎత్తు? 4.8. మీ చిటికెన వేలి గోరంత. పాత ఫిలిం కెమెరాలో ఒక్క ఫ్రేము 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. వైశాల్యంలో దాదాపు 28 రెట్లు పెద్దది. సెన్సరు సైజును కంపెనీలు "అర అంగుళం" అని రాస్తాయి. అర అంగుళమంటే 12.7 మి.మీ. కదా, ఈ పలకలో మూల నుంచి మూలకు కొలిచినా ఎనిమిది మి.మీ.లే! ఈ విడ్డూరం వెనక ఒక పాత కథ ఉంది. పూర్వం టీవీ కెమెరాల్లో గాజు గొట్టాలు వాడేవారు. గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి సైజు చెప్పేవారు. బొమ్మ పడే భాగం అందులో మూడింట రెండు వంతులు మాత్రమే. గొట్టాలు పోయాయి, వాటి కొలత మిగిలింది.

ఇప్పుడు గడి దగ్గరికి వద్దాం. కాంతి ఫోటాన్ల రూపంలో వస్తుంది. అవి వాన చినుకుల్లా పడతాయి, ఒక్కో గడిలో సరిగ్గా ఒకే లెక్కన పడవు. సగటున 100 ఫోటాన్లు పడవలసిన చోట 90 పడవచ్చు, 110 పడవచ్చు. ఈ హెచ్చుతగ్గు సుమారుగా ఆ సంఖ్య వర్గమూలమంత ఉంటుంది. ఎండలో ఒక గడికి 2,500 ఫోటాన్లు అందాయనుకోండి. హెచ్చుతగ్గు 50, అంటే నూటికి రెండు. కంటికి ఆనదు. రాత్రి ఇంట్లో ట్యూబులైటు వెలుగులో అదే గడికి 25 మాత్రమే అందితే హెచ్చుతగ్గు 5, అంటే నూటికి ఇరవై. ఫొటో అంతా ఇసుక చల్లినట్టు గరగరలాడుతుంది. ఇది కంపెనీ చేతకానితనం కాదు, ప్రకృతి ధర్మం. దీనికి మందు ఒకటే, ఎక్కువ కాంతిని పోగుచెయ్యడం. అందుకే ఈ సెన్సరులో పక్కపక్కనున్న నాలుగు గడుల మీద ఒకే రంగు వడపోత పరిచారు. రాత్రివేళ నాలుగింటినీ కలిపి ఒకటిగా లెక్కిస్తారు. 25 కాస్తా 100 అవుతుంది, గరుకుదనం సగానికి తగ్గుతుంది. అప్పుడు ఫొటో ఎన్ని మెగాపిక్సెళ్ళు? 48ని నాలుగుతో భాగించండి, 12. ఆ ఫోను మామూలుగా పగలైనా రాత్రైనా మీకిచ్చేది 12 మెగాపిక్సెళ్ళ ఫొటోయే. 48 కావాలంటే ప్రత్యేకంగా మీట నొక్కాలి.

నొక్కితే? అక్కడ మరో ప్రకృతి ధర్మం అడ్డుపడుతుంది. ఎంత గొప్ప లెన్సయినా ఒక చుక్క కాంతిని చుక్కగా నిలపలేదు. కాంతి తరంగం కాబట్టి అది చిన్న బిళ్ళలా పరుచుకుంటుంది. ఈ బిళ్ళ సైజును ఇంగ్లండు ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఎయిరీ 1835లోనే లెక్కగట్టాడు. ఎఫ్/1.8 లెన్సుకు, ఆకుపచ్చ కాంతికి ఆ బిళ్ళ వ్యాసం సుమారు 2.4 మైక్రాన్లు. గడి వెడల్పు 0.8. ఒక్క బిళ్ళ అడ్డంగా మూడు గడుల మీద పరుచుకుంటున్నదన్నమాట! పైగా నాలుగు గడులకు ఒకే రంగు. కాబట్టి 48 మెగాపిక్సెళ్ళ ఫొటోలో 48 మెగాపిక్సెళ్ళంత వివరం ఉండదు; ఎండలో 12 కంటే కొంత మెరుగు, అంతే. 108, 200 అన్నవాటిలో గడులు ఇంకా చిన్నవి కావచ్చు, లేదా సెన్సరు పెద్దది కావచ్చు. సెన్సరు పెద్దదైతే లాభం ఉంది. ఊరికే గడులు చిన్నవైతే మాత్రం ఎయిరీ బిళ్ళ ఎక్కడికీ పోదు.

సరే, ఒకే సెన్సరు, ఒకే లెన్సు ఉన్న రెండు ఫోన్లు ఒకే రకం ఫొటోలు ఇస్తాయా? ఇవ్వవు. 2019లోనే దీనికి మంచి రుజువు దొరికింది. గూగుల్ తన పిక్సెల్ ఫోన్ల కోసం చేసుకున్న కెమెరా సాఫ్ట్‌వేరును ఔత్సాహికులు కొందరు మార్చి నోట్ 7 ప్రోలోకి ఎక్కించారు. ఫోను అదే, రాత్రి ఫొటోలు మాత్రం ఎంతో మెరుగుపడ్డాయి. రహస్యమేమీ లేదు. మీట నొక్కినప్పుడు ఆ సాఫ్ట్‌వేరు ఒకటి కాదు, వరసగా చాలా ఫొటోలు తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి సగటు చూస్తుంది. తొమ్మిది ఫొటోల సగటు తీస్తే గరుకుదనం మూడో వంతుకు దిగుతుంది, మళ్ళీ అదే వర్గమూలం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మార్క్ లెవాయ్ బృందం గూగుల్‌లో ఈ పద్ధతిని పెంచి పోషించింది. 2018 నవంబరులో వచ్చిన దాని "నైట్ సైట్"ను చూసి మిగిలిన కంపెనీలన్నీ ఆ దారి పట్టాయి. ఫొటో నాణ్యతలో సగం పైగా ఈ లెక్కల్లోనే ఉంది. పెట్టె మీద దాని మాటే ఉండదు. ఉండేది మెగాపిక్సెళ్ళూ, వెనక ఎన్ని కన్నులున్నాయన్న లెక్కా. నా మట్టుకు, ఆ లెక్క పెంచడానికి అతికించే రెండు మెగాపిక్సెళ్ళ అదనపు కెమెరాలు బొట్టుబిళ్ళలకంటే ఎక్కువేమీ కావు.

మన రంగు మనకు వస్తుందా?

లెక్కల్లో మంచి ఉన్నట్టే చెడు కూడా ఉంది. ఇది మనకు బాగా తగిలే విషయం గనుక కాస్త ఆగి చెబుతాను. ఫిలిం రోజుల్లో కొడాక్ సంస్థ ఫొటో ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి ఒక అమ్మాయి బొమ్మ ఉన్న కార్డు పంపేది. మొదటి కార్డులోని అమ్మాయి పేరు మీదుగా వాటికి "షిర్లీ కార్డులు" అని పేరు. దశాబ్దాల పాటు ఆ కార్డుల్లో ఉన్నది తెల్లజాతి స్త్రీలే. ఆ చర్మానికి సరిపడేలా సర్దిన రంగుల్లో నల్లని ముఖాలు నీడల్లా మిగిలిపోయేవి. చాక్లెట్ల వాళ్ళు, చెక్క సామాను వాళ్ళు తమ సరుకు రంగు సరిగా రావడం లేదని గోల పెట్టడం కూడా కొడాక్ గోధుమరంగు ఛాయల మీద శ్రద్ధ పెట్టడానికి ఒక కారణమైంది. వేర్వేరు చర్మపు రంగుల స్త్రీలున్న కార్డు 1990ల్లో గాని రాలేదు.

సెన్సరుకు ఈ పక్షపాతం లేదు. అది ఫోటాన్లను లెక్కపెడుతుంది. కాని ఆ లెక్కలను ఫొటోగా మార్చే సాఫ్ట్‌వేరుకు ఉండవచ్చు. ముందు కెమెరాతో ముఖం తీస్తే చామనఛాయను తెల్లగా, చర్మాన్ని పింగాణీలా నున్నగా మార్చే "బ్యూటీ" సవరణను అనేక ఫోన్లలో అడగకుండానే పెట్టి అమ్మారు. 2020 అక్టోబరులో గూగుల్ తన కొత్త పిక్సెల్ ఫోన్లలో ఈ సవరణను ముందే ఆపి ఉంచుతామని, కావాలనుకున్నవాళ్ళే పెట్టుకోవచ్చని ప్రకటించింది. మరుసటి ఏడాది రకరకాల చర్మపు రంగులను ఉన్నదున్నట్టు చూపే ప్రయత్నం కూడా మొదలుపెట్టింది. ఏ ఫోను కొన్నా మొదట ఆ సవరణ ఉందేమో చూసి ఆపండి. ఆపిన తర్వాత కూడా పాప ముఖం గోడకు సున్నం కొట్టినట్టు కనిపిస్తే ఆ ఫోను మీ ఇంటికి వద్దు. పదేళ్ళ తర్వాత ఆ పిల్ల తన చిన్ననాటి ఫొటో చూసుకుంటే అందులో ఉండవలసింది తన ముఖం.

నిప్పుతో చెలగాటం

ఇక రెండో సంఖ్య. 1983లో మోటరోలా అమ్మిన తొలి చేతిఫోను పది గంటలు ఛార్జి చేస్తే అరగంట మాట్లాడనిచ్చేది. లిథియం బ్యాటరీ లేకపోతే ఇప్పటి ఫోనే లేదు. లిథియం లోహాల్లోకెల్లా తేలికైనది, ఎలక్ట్రానును సులువుగా వదిలేస్తుంది. అందుకే చిన్న చోట ఎక్కువ శక్తి దాచవచ్చు. అంతే సులువుగా మండుతుంది కూడా. 1970ల్లో ఎక్సాన్ సంస్థలో స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం లోహంతో తిరిగి ఛార్జి చేయగల బ్యాటరీని చేశాడు. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం ధనధ్రువానికి లిథియం కోబాల్ట్ ఆక్సైడు వాడి నాలుగు వోల్టులు సాధించింది. 1985లో జపాన్‌లో అసాహీ కసేయ్ సంస్థకు చెందిన అకీరా యోషినో రుణధ్రువంలో లిథియం లోహాన్ని తీసేసి, లిథియం అయాన్లను తన పొరల్లో దాచుకోగల కార్బన్ పదార్థాన్ని పెట్టాడు. తన బ్యాటరీ మీద ఇనుప దిమ్మెను పడేసి చూశాడు, అంటుకోలేదు. లిథియం లోహమున్న బ్యాటరీ మీద పడేస్తే భగ్గుమంది. ఆ తేడా ఎంత పెద్దదో 1989లో లోకానికీ తెలిసింది: జపాన్ సెల్‌ఫోన్లలో వాడిన కెనడా కంపెనీ లిథియం లోహపు బ్యాటరీలు మంటలంటుకుని వెనక్కి పిలవవలసి వచ్చింది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని బజారులోకి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ లభించింది. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 ఏళ్ళు.

మన దేశంలో బ్యాటరీకి ఉన్న విలువ వేరు. 2003లో వచ్చిన నోకియా 1100ను గుర్తు తెచ్చుకోండి. టార్చిలైటు, దుమ్ము చొరబడని మీటలు. ప్రపంచమంతటా పాతిక కోట్ల పైగా అమ్ముడుపోయింది. 2008లో మైక్రోమ్యాక్స్ సంస్థ నెల రోజులు నిలిచే ఫోనంటూ ఎక్స్1ఐని తెచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్ వైపు కరెంటు లేని చోట లారీ బ్యాటరీతో నడుస్తున్న ఫోను బూతును చూసినప్పుడు ఆ ఆలోచన వచ్చిందని సంస్థ స్థాపకుల్లో ఒకరైన రాహుల్ శర్మ తర్వాత చెప్పారు. పెద్ద బ్యాటరీ అన్న కోరిక విదేశాల నుంచి దిగుమతి అయినది కాదు. కరెంటు కోతల నుంచి పుట్టింది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. నోకియా 1100 బ్యాటరీ 850 ఎంఏహెచ్. ఇప్పటి ఫోనుది 5,000, ఆరు రెట్లు. కాని ఆ చిన్న ఫోను ఊరికే ఉంచితే పదహారు రోజుల దాకా నిలిచేదని కంపెనీ లెక్క. ఇది ఒకటిన్నర రోజు నిలిస్తే గొప్ప. ఎందుకు? ఎంఏహెచ్ కుండ సైజు చెబుతుంది, చిల్లు సైజు చెప్పదు. 5,000 మిల్లీ ఆంపియర్ అవర్లను బ్యాటరీ వోల్టేజి 3.85తో గుణిస్తే సుమారు 19 వాట్ అవర్లు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు రెండు గంటలు వెలిగేంత శక్తి, అంతే. ఫోను సగటున ఒకటిన్నర వాట్లు తాగుతూ వీడియో చూపిస్తే పన్నెండు పదమూడు గంటల్లో కుండ ఖాళీ. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టు చవకైన తర్వాత మనం ఫోనుతో చేసేది ప్రధానంగా అదేగా.

చిల్లును చిన్నది చేసేవి తెర, లోపలి ప్రాసెసరు చిప్పు, సాఫ్ట్‌వేరు. 2017లో రెడ్‌మీ నోట్ 4కు బ్యాటరీ బాగా నిలుస్తుందని పేరొచ్చింది. అందులో ఉన్నది 4,100 ఎంఏహెచ్; అసలు ఘనత పొదుపైన చిప్పుది. అదే విధంగా సిగ్నలు బలహీనంగా ఉన్న ఊళ్ళో ఏ ఫోనైనా టవరును అందుకోవడానికి ఎక్కువ శక్తి ఖర్చుపెడుతుంది. హైదరాబాదులో రెండు రోజులు నిలిచిన ఫోను మీ ఊళ్ళో ఒక్క రోజే నిలిస్తే తప్పు బ్యాటరీది కాదు.

ఇటీవల ఇంకో మార్పు వచ్చింది. రుణధ్రువంలోని గ్రాఫైట్‌కు కొంత సిలికాన్ కలుపుతున్నారు. బరువుకు బరువు చూస్తే సిలికాన్ దాదాపు పది రెట్లు లిథియంను పట్టుకోగలదు. కాని పట్టుకున్నప్పుడు మూడింతలకు పైగా ఉబ్బుతుంది, వదిలితే కుంచించుకుపోతుంది. ఆ ఉబ్బుకు పగిలిపోకుండా కార్బన్‌తో కలిపి కట్టడం నేర్చుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2023 నుంచి ఇవి ఫోన్లలోకి వచ్చాయి. 2025లో మన దేశంలో ఇరవై రెండు వేల లోపు ధరకే 7,000 ఎంఏహెచ్ దాటిన ఫోన్లు దొరికాయి, అదీ పెద్దగా లావెక్కకుండా. పెట్టె మీది సంఖ్య వెనక నిజమైన విజ్ఞానం ఉన్న సందర్భం ఇది.

మరి ఎలా చూసి కొనాలి?

దుకాణంలో దీపాలు ధగధగలాడుతుంటాయి. అంత వెలుగులో ఏ ఫోను ఫొటో అయినా బాగుంటుంది. కాబట్టి బల్ల కింద నీడలో, వెలుగు తక్కువ ఉన్న మూలలో తీసి చూడండి. మీ వెంట వచ్చిన పిల్లవాణ్ణి కదులుతూ ఉండమని తీయండి. చేతులు పొగలా కరిగిపోతే రాత్రి పెళ్ళి ఫొటోల గతీ అంతే. చేతి వణుకును లెన్సును కదిపి సరిచేసే ఏర్పాటు ఉందేమో అడగండి. ఇదివరకు ఖరీదైన ఫోన్లకే ఉండేది, ఇప్పుడు మధ్యరకంలోనూ దొరుకుతోంది. నా దృష్టిలో యాభై నుంచి నూట ఎనిమిదికి వెళ్ళడం కంటే దానికి విలువెక్కువ. తీసిన ఫొటోను ఆ ఫోను తెర మీదే చూసి మురిసిపోకండి, తెర రంగులను ఎక్కువ చేసి చూపించవచ్చు; మీ పాత ఫోనుకు పంపుకుని పెద్దది చేసి చూడండి. ప్రకటనల్లోని ఫొటోలను, వీడియోలను మాత్రం నమ్మవద్దు. 2012లో నోకియా తన లూమియా 920 కెమెరా ఎంత నిలకడగా తీస్తుందో చూపే వీడియో ఒకటి విడుదల చేసింది. అద్దంలో కనిపించిన నీడను బట్టి, దాన్ని తీసింది ఫోనుతో కాదని, వ్యానులో కూర్చున్న మనిషి పెద్ద కెమెరాతో తీశాడని తేలింది. కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. ఆ ఫోనులో ఆ గుణం నిజంగానే ఉండడం ఇందులోని విచిత్రం.

బ్యాటరీని దుకాణంలో పరీక్షించలేరు. అనేక ఫోన్లను ఒకే పద్ధతిలో, ఒకే తెర వెలుగులో నడిపి గంటలు లెక్కగట్టే సమీక్షలను చూడండి, ఎంఏహెచ్‌ను కాదు. అదే దుకాణంలో పవర్ బ్యాంకు కూడా కొంటారేమో. దాని మీది 20,000 అన్నది లోపలి 3.7 వోల్టుల లెక్క. ఐదు వోల్టులకు మార్చి ఇచ్చేసరికి 14,800 అవుతుంది, మార్పులో పోయే వృథా అదనం.

కొత్త బ్యాటరీ ఎంత నిలుస్తుందన్నది సగం ప్రశ్నే. మూడో ఏట ఎంత నిలుస్తుంది? లిథియం అయాన్ బ్యాటరీకి వేడి, ఎప్పుడూ నిండుగా ఉండడం, రెండూ గిట్టవు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో నిలిపిన కారులో ఫోను పెట్టి ఛార్జి చేస్తే దాని ఆయుష్షును మీరే తగ్గించినట్టు. నూటికి ఎనభై వద్ద ఛార్జింగు ఆపే సదుపాయం ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది, వాడుకోండి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఒక నియమం అమలులోకి వచ్చింది: 800 సార్లు ఛార్జి చేసిన తర్వాత కూడా బ్యాటరీ తొలి సామర్థ్యంలో కనీసం 80 శాతం నిలుపుకోవాలి. అక్కడ ఫోనుతో పాటు ఇచ్చే చీటీ మీద ఒకసారి ఛార్జి చేస్తే ఎన్ని గంటలు నడుస్తుందో, ఎన్ని ఛార్జింగులు తట్టుకుంటుందో, కిందపడితే ఎంత ఓర్చుకుంటుందో, బాగుచేయడం ఎంత సులువో రాసి ఉండాలి. మీరు కొనబోయే ఫోను అక్కడ కూడా అమ్ముడవుతుంటే ఆ చీటీని ఇంటర్నెట్టులో వెతికి చూడవచ్చు.

రోజుకొక ఛార్జింగు చొప్పున 800 అంటే రెండేళ్ళ రెండు నెలలు. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ అప్పటికి 4,000 అవుతుంది. కనుక డబ్బు చెల్లించే ముందు ఆ కుర్రవాణ్ణి ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: ఈ ఫోనుకు కంపెనీ బ్యాటరీ మార్చడానికి ఎంత తీసుకుంటారు, మన ఊళ్ళో ఎక్కడ మారుస్తారు? సాఫ్ట్‌వేరు భద్రతా సవరణలు ఎన్నేళ్ళు వస్తాయి? ఈ జవాబులు పెట్టె మీద ఉండవు. అతనికి తెలియకపోతే కంపెనీ సర్వీసు సెంటరుకు ఫోను చేసి కనుక్కోండి.